సిగ్నల్ దగ్గర నా వెనక హారన్ కొట్టినవాళ్లందరికీ

నమస్కారం.

మొన్న ఆదివారం పొద్దున, పచ్చ లైటు పడినా కదలకుండా మీ ముందు బిగుసుకుపోయి నిలబడిన నీలం బండి నాదే. హెల్మెట్‌లో ఉన్నాను కాబట్టి మీరు నా మొహం చూసి ఉండరు. నేనూ మీలో ఎవరి మొహమూ చూడలేదు, అద్దంలోకి చూసే ధైర్యం లేకపోయింది. మీ హారన్లు మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి. మొదటిది తెల్ల కారుది. పచ్చ పడిన మరుక్షణమే కొట్టారు, అంటే నేనింకా ఏ తప్పూ చెయ్యకముందే. తర్వాత ఎవరో పొట్టిగా రెండుసార్లు. ఆ తర్వాత బస్సు. బస్సు హారన్ వీపు మీద తగులుతుందని ఆ రోజే తెలిసింది, కారులో కూర్చుని విన్నన్నాళ్లూ అది చెవిదాకానే వచ్చేది.

మీ మీద కోపంతో రాయడం లేదు. సరే, ఆ తెల్ల కారు మీద కొంచెం ఉంది. కానీ నేనూ పదేళ్లుగా కారు నడుపుతున్నదాన్నే, నా ముందు ఎవరైనా కొత్తవాళ్లు తడబడితే విసుక్కుంటూ హారన్ మీద చెయ్యి వేసినదాన్నే. ఏదో సాయం చేస్తున్నట్టే అనిపించేది అప్పుడు, పాపం చూసుకోలేదేమో, లైటు పడిందని చెబుదాం అని. ముప్ఫై ఒక్క ఏళ్లకి గేర్ల బండి నేర్చుకుని రోడ్డెక్కాక అర్థమైంది, లైటు పడిందని ఆ మనిషికి మనం చెప్పక్కర్లేదు. ఆ లైటు తప్ప ఇంకేమీ కనపడటం లేదు ఆ మనిషికి. చేతిలో ఉన్నదల్లా కాస్త ధ్యాస, హారన్ వచ్చి సరిగ్గా దాన్నే లాక్కుపోతుంది.

ఆ కొన్ని సెకన్లలో నా దగ్గర ఏం జరిగిందో మీ సీటులోంచి కనపడదు కదా, అందుకని చెబుతాను. ఎర్ర లైటు చూసి ఆగుతున్నప్పుడు మూడో గేరులో ఉన్నాను. బండి పూర్తిగా ఆగకముందే ఒకటికి దించుకోవాలి. బ్రేకు గోలలో పడి ఒక్కసారే దించాను. అంటే ఉన్నది రెండులో, ఒకటిలో ఉన్నాననుకుంటున్నాను. కారులోలాగా గేరు రాడ్ ఎటు ఉందో ఒకసారి తడుముకుని తెలుసుకునే వీలు బైకుకి ఉండదు. ఎడమ పాదం దగ్గర చిన్న లివరు, కిందికి నొక్కితే ఒకటి, పైకి ఎత్తితే మిగతావన్నీ వరసగా. ఆ ఒకటికీ రెండుకీ మధ్య, సగం నొక్కు దూరంలో, న్యూట్రల్ దాక్కుని ఉంటుంది. నా బండికి ఏ గేరో చూపించే అంకె లేదు, న్యూట్రల్‌కి మాత్రం చిన్న పచ్చ దీపం ఉంది. సరే, సిగ్నల్ పడింది, క్లచ్ వదిలాను, బండి ఒక్క ఉలుకు ఉలికి చచ్చిపోయింది.

మళ్లీ క్లచ్ పట్టుకుని స్టార్టర్ నొక్కాను, స్టార్ట్ అయింది, వదిలాను, మళ్లీ ఆగింది, ఎందుకంటే ఇంకా రెండులోనే ఉన్నాను మరి. మూడోసారికి కాలికి బుద్ధొచ్చి లివరు కిందికి నొక్కింది, భయం భయంగా నొక్కింది కాబట్టి అది ఒకటిదాకా పోకుండా న్యూట్రల్‌లోనే ఆగింది. బయట పచ్చ లైటు, లోపల పచ్చ దీపం. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ గుక్కపెట్టి ఏడ్చింది తప్ప బండి అంగుళం కదల్లేదు. బస్సు హారన్ కొట్టింది సరిగ్గా అప్పుడే.

ఇక్కడ మీకు తెలియాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. కారు ఆగిపోతే ఉన్నచోటే ఉంటుంది. బైకు ఆగిపోతే పడిపోవడానికి చూస్తుంది. రోడ్డు అంచులు నీళ్లు పోవడానికి కొంచెం వాలుగా వేస్తారు కదా, నాలాంటి పొట్టివాళ్లు ఆ వాలు మీద ఆగితే ఒక వైపు పాదం పూర్తిగా ఆనుతుంది, రెండో వైపు మునివేళ్లే. అంత బరువైన బండిని ఆ మునివేళ్ల మీద మోస్తూ, ఎడమ చేత్తో క్లచ్, కుడి చేత్తో బ్రేకు, ఎడమ కాలితో గేరు, అంటే మోస్తున్న కాలుని మార్చుకుంటూ, ఇవన్నీ చెయ్యాలి. ఆ సమయంలో వెనక నుంచి చప్పుడు రాగానే మనిషి ఒళ్లు తనంతట తనే చేసే పని ఒకటుంది: చేతులు వదిలెయ్యడం. క్లచ్ వదిలేస్తే ఏమవుతుంది? గేరులో ఉన్న బండి ముందుకి దూకుతుంది. నా ముందు అప్పుడు ఒక పెద్దావిడ ఇంకా రోడ్డు దాటుతూనే ఉంది. నేను న్యూట్రల్‌లో ఉండబట్టి సరిపోయింది. మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు, మీ ముందు నేను అడ్డంగా ఉన్నాను కదా.

నేర్పింది మా అక్క, పెద్దమ్మ కూతురు. నెల రోజులు ఖాళీ మైదానంలో తిప్పింది. మొదటి వారం యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. క్లచ్ నెమ్మదిగా వదులుతూ, బండి తనంతట తాను పాకడం మొదలుపెట్టే చోటు ఎక్కడో వేళ్లతో పట్టుకోమంది, అంతే, అదే పని వందసార్లు. "ఏమే, అది స్విచ్ కాదే, కుళాయి. స్విచ్ వేసినట్టు వేస్తావేంటి" అని అరిచేది. నిజంగానే కుళాయే అది. ఇంజన్ తిరుగుడుని చక్రానికి చుక్క చుక్కగా వదలడమే క్లచ్ పని, ఒక్కసారే వదిలితే నిలబడి ఉన్న చక్రం తిరుగుతున్న ఇంజన్‌ని పట్టి ఆపేస్తుంది. మైదానంలో ఇదంతా బాగానే వచ్చింది. ఎనిమిది అంకె వేశాను, గుంతలు తప్పించాను, వెనక అక్కని కూర్చోబెట్టుకుని రెండు రౌండ్లు వేశాను. మైదానంలో లేనిది ఒక్కటే: మీరు.

నాకన్నా అధ్వాన్నంగా మొదటి రోజు గడిచినవాళ్లు లేకపోలేదు, వాళ్లని తల్చుకుని కొంచెం ధైర్యం తెచ్చుకుంటూ ఉంటాను. 1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి పెట్రోలు ఇంజన్ పెట్టిన చెక్క బండి ఒకటి చేశారు. పడిపోకుండా పక్కన రెండు చిన్న చక్రాలు కూడా పెట్టారు, పిల్లల సైకిల్‌కి ఉన్నట్టు. వేగం గంటకి పన్నెండు కిలోమీటర్లకి మించదు. డైమ్లర్ కొడుకు పాల్ దాన్ని రోడ్డెక్కించాడు, ఇంజన్‌ని మండించే వేడి గొట్టం సరిగ్గా సీటు కిందే ఉండటంతో దారిలో సీటుకి మంట అంటుకుందట. అయినా చూడండి, ప్రపంచంలో మొదటి పెట్రోలు బైకు నడిపిన ఆ కుర్రాడికి ఉన్న సుఖం నాకు లేదు. వెనకాల హారన్ కొట్టేవాళ్లు ఒక్కరూ లేరు.

సిగ్నల్ సంగతి అలా అయింది. ఎలాగో ఒకటో గేరు దొరికి బయటపడ్డాను, అప్పటికి లైటు పసుపులోకి మారింది, నా వెనక ఉన్న మీరందరూ మళ్లీ ఆగిపోయారు, అందుకు మాత్రం నిజంగా క్షమించండి.

ఒక కిలోమీటరు పోయాక పక్క సందులోంచి ఒక కారు ముక్కు బయటపెట్టి ఆగింది. నడుపుతున్నాయన తల తిప్పి నా వైపే చూశాడు. కళ్లలో కళ్లు పడ్డాయనే అనుకున్నాను. హమ్మయ్య అనుకునేలోపే కారు ముందుకొచ్చేసింది. రెండు బ్రేకులూ పట్టాను, టైరు కీచుమంది, ఆగాను. ఆయన మొహంలో కనపడింది కోపం కాదు, ఆశ్చర్యం, ఎక్కడినుంచి ఊడిపడిందిరా ఇది అన్నట్టు. ఇంటికొచ్చాక అక్కకి చెబితే నవ్వింది, "ఆయన నిన్ను చూశాడు, కానీ ఆయనకి కనపడలేదు" అంది. మాటల గారడీ అనుకున్నాను గానీ తర్వాత చదివితే ఇది పాత రోగమే. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజెలస్ చుట్టుపక్కల జరిగిన 900 బైకు ప్రమాదాల్ని దగ్గరుండి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. బైకూ ఇంకో వాహనమూ గుద్దుకున్న వాటిల్లో మూడింట రెండు వంతులు ఆ రెండో వాహనం బైకుకి దారి ఇవ్వకుండా అడ్డం వచ్చినవే. అదే నివేదికలో నా గురించి కూడా ఒక ముక్క ఉంది: ప్రమాదాల్లో చిక్కుకున్న బైకువాళ్లలో 92 శాతం మంది ఎక్కడా శిక్షణ తీసుకోకుండా సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. ఇది అక్కకి ఇంకా చూపించలేదు.

ఎందుకు కనపడదంటే, బైకు సన్నగా ఉంటుంది. కారు ముందద్దానికి రెండు పక్కలా పైకప్పుని మోసే స్తంభాలు ఉంటాయి చూశారా, కొంచెం దూరంలో ఉన్న బైకు, మనిషితో సహా, ఆ స్తంభం వెనక పూర్తిగా దాగిపోగలదు. పైగా మీ కారు మెల్లగా ముందుకొస్తూ, నా బండి వస్తూ ఉంటే ఆ దాగుడుమూత కొన్ని సెకన్లు అలాగే కొనసాగొచ్చు కూడా. ఇంకొకటి, గబుక్కున అటొకసారి ఇటొకసారి చూసినప్పుడు, కళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే మధ్యలో ఉన్నదాన్ని బుర్ర పట్టించుకోదు, మనకి మాత్రం రోడ్డంతా చూసినట్టే ఉంటుంది. ఒకవేళ కనపడినా, చిన్న వస్తువు దూరంగా ఉన్నట్టూ నెమ్మదిగా వస్తున్నట్టూ అనిపిస్తుంది. కాబట్టి అడిగేది ఒక్కటే, సందులోంచి వచ్చేటప్పుడు రెండోసారి చూడండి, చూసేటప్పుడు మెడ కాస్త ముందుకీ వెనక్కీ జరిపి ఆ స్తంభం వెనక ఏముందో చూడండి. సోమవారం నుంచి నేను కారులో ఇదే చేస్తున్నాను. పక్కన కూర్చున్నవాళ్లు పావురంలా ఆ తల ఆడించడం ఏంటని నవ్వుతున్నారు, నవ్వనివ్వండి.

పడ్డానా అని అడుగుతారేమో. పడ్డాను. అదీ ఎలా, గంటకి నాలుగు కిలోమీటర్ల వేగంలో. పెట్రోలు కొట్టించుకుందామని బంకులోకి తిరుగుతున్నాను, హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిరిగి ఉంది, ఎవరో అడ్డం వచ్చారు, కుడిచేతి నాలుగు వేళ్లతో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. అంతే. విసిరేసినట్టు కాదు, ఆవు పడుకున్నట్టు మెల్లగా పక్కకి ఒరిగింది బండి, ఆపడానికి కాలు పెట్టాను, బరువు ఒక హద్దు దాటాక ఇక ఆగదు, దాంతోపాటే నేనూ కూర్చున్నాను. క్లచ్ లివరు చివర కొంచెం వంగింది, మోకాలి దగ్గర గీసుకుంది, పరువు సంగతి చెప్పక్కర్లేదు. ఇద్దరు పరుగెత్తుకొచ్చి లేపారు. వాళ్లిద్దరికీ దణ్ణం. ఆ వెంటనే మూడో ఆయన వచ్చాడు, లేపడానికి కాదు, సలహా చెప్పడానికి: "ముందు బ్రేకు ముట్టుకోకమ్మా, వెనకదే వాడాలి, ముందుది పట్టుకుంటే ఎగిరి పడతావ్."

ఈ ఆయన లాంటివాళ్లు కూడా ఈ ఉత్తరం చదవాలి. బాబాయ్, మీ మంచి మనసుకి థాంక్స్, కానీ ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు పని ఎక్కువగా చేసేది ముందు బ్రేకే, వెనక చక్రం తేలికైపోయి జారుతుంది. వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే సందులోంచి వచ్చిన ఆ కారు డోరు దగ్గర ఉండేదాన్ని. నేను చేసిన తప్పు ముందు బ్రేకు పట్టడం కాదు, హ్యాండిల్ తిరిగి ఉండగా పట్టడం, అదీ పిండకుండా లాగెయ్యడం. అంత నెమ్మది వేగంలో మలుపు తిరుగుతున్నప్పుడు వెనక బ్రేకు మీద కాలు ఆనించి ఉంచాలని అక్క చెప్పే ఉంది, నేనే మర్చిపోయాను.

హెల్మెట్‌ని మోచేతికి తగిలించుకుని నా పక్కనుంచి రయ్యిన పోయిన కుర్రాళ్లకి కూడా ఒక మాట, క్లాసు పీకను, ఒక్క మాటే. 1935లో టి. ఈ. లారెన్స్ అనే పేరున్న బ్రిటిష్ సైనికుడు, లారెన్స్ ఆఫ్ అరేబియా అంటారే, ఆయన బైకు మీద వస్తూ ఇద్దరు సైకిల్ పిల్లల్ని తప్పించబోయి పడి, తలకి దెబ్బ తగిలి ఆరు రోజులకి చనిపోయాడు. అప్పుడు ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అని ఒక మెదడు సర్జన్ ఉన్నాడు. ఆయన ఆ సంగతిని అక్కడితో వదలకుండా బైకువాళ్ల తల గాయాల మీద పరిశోధన మొదలుపెట్టి 1941లో హెల్మెట్ల అవసరం గురించి ప్రచురించాడు, దాని తర్వాతే బ్రిటిష్ సైన్యం బైకుల మీద తిరిగే తన మనుషులకి హెల్మెట్ తప్పనిసరి చేసింది. లారెన్స్ తల మీద ఆ రోజు ఏమీ లేదు. మీ మోచెయ్యి మాత్రం చాలా భద్రంగా ఉంది తమ్ముళ్లూ.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను, వెనకవాళ్ల దగ్గరికి. నా వెనక టైరుకి మీ బంపరు ఆనించినట్టు వస్తారు చూశారా, అందులో ఒక ప్రమాదం ఉంది, నాకూ ఆదివారం వరకూ తెలియదు. బైకులో యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు, ఇంజనే బండిని పట్టుకుని లాగుతుంది, బ్రేకు ముట్టుకోకుండానే వేగం చాలా తగ్గిపోతుంది. బ్రేకు ముట్టుకోలేదు కాబట్టి వెనక ఎర్ర లైటు వెలగదు. అంటే నేను ఆగుతున్నానని మీకు ఎవరూ చెప్పరు. కొత్తవాళ్లం భయం వేసినప్పుడల్లా ముందు చేసేది యాక్సిలరేటర్ వదలడమే, భయం నాకు నిమిషానికోసారి వేసింది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఏ బండైనా సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. బ్రేకు వెయ్యాలని మీ బుర్రకి తట్టి కాలు కదిలేలోపే ఆ 14 మీటర్లు అయిపోతాయి. మీకూ నాకూ మధ్య మూడు మీటర్లుంటే లెక్క మీరే చూసుకోండి. రెండు సెకన్ల దూరం చాలు. ముందున్న బండి ఒక స్తంభాన్ని దాటాక మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేలోపు నెమ్మదిగా రెండు అంకెలు లెక్కపెట్టగలిగితే అదే ఆ దూరం.

లైనులో నేను కాసేపు అటూ కాసేపు ఇటూ జరగడం చూసి ఎవరో కిటికీలోంచి ఏదో అన్నారు. తాగి నడపడం కాదు సార్ అది. మీ నాలుగు చక్రాలకి మ్యాన్‌హోల్ మూత అంటే ఒక చప్పుడు, అంతే. నాకు అది తడి ఇనుము. రోడ్డు మీద వేసే తెల్ల గీత వాన పడితే సబ్బులా ఉంటుంది, మలుపులో పోగైన ఇసక ఇంకా ఘోరం, వాన మొదలైన మొదటి కొన్ని నిమిషాల్లో రోడ్డు మీది నూనె, దుమ్ము తేలి జారుడుబల్ల అవుతుంది. ఇవన్నీ తప్పించుకుంటూ పోతే చూసేవాళ్లకి వంకరగానే ఉంటుంది. అన్నట్టు, గుంతని తప్పించాలని గుంత వైపే చూస్తే బండి సరిగ్గా గుంతలోకే పోతుంది, ఎటు చూస్తే అటే. అక్క దీన్ని మైదానంలో ఇటుక పెట్టి చూపించింది. వెడల్పాటి మైదానం మొత్తంలో ఉన్న ఒకే ఒక్క ఇటుకని నాలుగుసార్లు గుద్దాను.

లారీలు నడిపే అన్నలకి చిన్న విన్నపం, పక్కనుంచి దాటేటప్పుడు కాస్త ఎడం ఇవ్వండి. మీ బండి గాలి నన్ను మొదట అవతలికి తోస్తుంది, దాటిపోగానే మీ వైపుకి లాగుతుంది. రెండోది తెలియక చాలా హడలిపోయాను.

చివరి నాలుగు కిలోమీటర్లు నా వెనక ఒక బూడిద రంగు కారు వచ్చింది. దూరంగా, చాలా దూరంగా. మొదట అనుమానం వేసింది, ఎందుకు దాటి వెళ్లడం లేదు అని. దాటడానికి చోటుంది, దాటలేదు. ఇంకో సిగ్నల్ దగ్గర మళ్లీ ఆగిపోయాను, ఈసారి అద్దంలోకి చూశాను. ఆ కారు కొంచెం వెనక్కి ఆగి, అలాగే కూర్చుని ఉంది. ఒక్క చప్పుడు లేదు. దాని వెనకున్నవాళ్లు కొడుతున్నారు, ఆ హారన్లన్నీ దానికి తగిలి అక్కడే ఆగిపోతున్నట్టు అనిపించింది. నేను కాలితో లివరు పూర్తిగా కిందికి నొక్కాను, క్లచ్‌ని కుళాయిలా వదిలాను, బండి కదిలింది. మొత్తం నాలుగైదు సెకన్లు పట్టిందేమో. ఆ కారులో ఉన్నది ఎవరో తెలియదు, ఆడో మగో కూడా తెలియదు. ఇది వాళ్ల కంట పడితే, ఆ రోజు నేను ఇంటికి బండి తోసుకుంటూ కాకుండా నడుపుకుంటూ వచ్చింది మీ వల్లేనండి. చెయ్యి ఊపి థాంక్స్ చెబుదామనుకున్నాను, రెండు చేతులూ ఖాళీ లేవు.

ఈ ఆదివారం మళ్లీ వస్తున్నాను, అదే దారి, అదే సిగ్నల్. ఇంకొక్క సంగతి ముందే చెప్పి ఉంచుతాను. కారులో స్టీరింగ్ తిప్పగానే ఇండికేటర్ తనంతట తనే ఆగిపోతుంది, నా బండికి అలా ఆగదు, బొటనవేలితో నేనే ఆపాలి. మొన్న ఇంటికొచ్చి స్టాండు వేసి దిగాక చూసుకుంటే ఎడమ ఇండికేటర్ టకటకమని కొట్టుకుంటూనే ఉంది, ఎన్ని మలుపుల నుంచి వెలుగుతోందో ఏమో. కాబట్టి నీలం బండికి ఎడమ లైటు కనపడితే నేను తిరుగుతానని నమ్మి ముందుకి రాకండి, ఒక్క క్షణం ఆగి చూడండి. నిజంగా తిరిగేది ఉంటే తల కూడా అటు తిప్పుతాను.

ఇట్లు,
నీలం బండి